‘కూలీల కొరత’ ఎవరికి? విదేశీ పర్మిట్లు - ఉత్తరాంధ్ర రైతుబిడ్డలు

నెల్లిమర్ల జూట్ మిల్లు గేటు దగ్గర టీ బడ్డీలో కాసేపు కూచుంటే చాలు, ఈ ప్రాంతం ఎటు పోతున్నదో తెలుస్తుంది. ఒకప్పుడు అక్కడ వినబడే మాటలు బోనసు, డి.ఎ., లేఆఫ్, లాకౌట్. 1994 జనవరిలో పోలీసు కాల్పులకు కార్మికులు బలైన తరువాత చాలాకాలం ఆ మాటలే నడిచాయి. యిప్పుడు వాటి పక్కన కొత్త మాటలు చేరాయి. వీసా, మెడికల్, స్టాంపింగు, ఏజంటు. పదో తరగతి తప్పిన కుర్రవాడు, ఐటిఐ చదివిన కుర్రవాడు, యిద్దరూ అవే మాటలు మాట్లాడుతున్నారు.

“మా అయ్య గోగు పండించినాడు బాబూ. నాను ఆ నారతోటే గోనె నేసినాను. నా కొడుకు కాడికొచ్చీసరికి గోగూ లేదు, మిల్లులో పనీ లేదు. ఆడు కువైటు ఎల్లిపోతానంటన్నాడు. ఏజంటుకి లచ్చా ముప్పై యేలట. పల్లంలో అరెకరం ఉంటే తాకట్టెట్టీసినాం” అన్నాడొక ముసలి కార్మికుడు.

“మనుషుల్ని తీసుకోటానికి ఆ కంపెనీకి అనుమతి వుందా? ఆ కాగితం మీరు చూశారా?” అని అడిగాం.

“కాగితం ఏజంటు కాడుంది బాబూ. ఇంగిలీసులో ఉంటాదట. మాకేటి తెలస్తాది?”

అరెకరం పల్లం తాకట్టు పడింది. దేని కోసం పడిందో ఆ కాగితాన్ని మాత్రం ఆ యింట్లో ఎవరూ చూడలేదు. అసలు ఆ కాగితం ఏమిటి? పరాయిదేశపు యజమాని “నాకు తాత్కాలికంగా విదేశీ కార్మికులు కావాలి” అని తన ప్రభుత్వాన్ని అడిగి, అనుమతి పొంది, దాన్ని మన ప్రభుత్వం చేత కూడా ఒప్పించుకుని పంపే కాగితం. దీనికి రెండు ప్రభుత్వాల ముద్రలు, ఒక యజమాని సంతకం, ఒక ఏజంటు సంతకం వుంటాయి. పోయే కూలివాడి మాట అందులో ఎక్కడా వుండదు. యిది రైతుల శీర్షిక కదా, గల్ఫ్ వీసాల సంగతి యిక్కడెందుకని పాఠకులు అనుకోవచ్చు. ఆ వీసాకు కట్టే డబ్బు పొలం నుంచి వస్తున్నది. ఆ వీసా మీద పోయేవాడు రైతు యింటినుంచే పోతున్నాడు. కనుక యిది రైతాంగ సమస్యే.

గోగు చేను నుంచి విమానం దాకా

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మెట్ట రైతుకు గోగు ఒక ఆధారంగా వుండేది. వానకు వేసే పంట. పెద్దగా మదుపు అక్కర్లేదు. కోసి, కట్టలు కట్టి, చెరువులోనో గుంటలోనో ఊరవేసి, మోకాలిలోతు మురుగునీళ్లలో నిలబడి నార తీయాలి. ఆడామగా చేతులు పుండ్లు పడేవి. అయినా నార అమ్మితే నాలుగు డబ్బులు కళ్లజూసేవారు. ఆ నార నెల్లిమర్లకు, చిట్టివలసకు పోయేది. మిల్లులు నడిస్తే నారకు ధర, లాకౌట్ పడితే నార అడిగే దిక్కు లేదు. ఆ విధంగా మిల్లు కార్మికుడి లాకౌట్ రైతుకు కూడా లాకౌటే. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. నెల్లిమర్ల కార్మికులు ఎన్ని లాకౌట్లు చూశారో లెక్కపెట్టటం కష్టం.

చట్టాలు లేక కాదు. నార రైతుకు మద్దతు ధర యిప్పించటానికని 1971లో జూట్ కార్పొరేషన్ పెట్టారు. ధాన్యాన్నీ, పంచదారనూ గోనె సంచుల్లో నింపాలని 1987లో చట్టం చేశారు. బంగ్లాదేశ్, నేపాల్‌ల నుంచి చవకగా దిగే జూట్ సరుకుల మీద 2017 జనవరిలో ప్రత్యేక సుంకం వేశారు. సరుకు చవకగా వచ్చి మన ధరను పడగొడుతుంటే అడ్డుకోవాలనే తెలివి ప్రభుత్వానికి వుంది. మన మనిషి శ్రమను చవకగా పరాయిదేశానికి తోసేటప్పుడు మాత్రం ఆ తెలివి ఏమవుతున్నదో ముందు చూద్దాం.

గోగు తగ్గింది. చాలాచోట్ల మొక్కజొన్న, నీలగిరి వచ్చాయి. నీలగిరి తోటకు కూలీలతో పెద్దగా పని వుండదు. కూలి పని తగ్గినచోట కుర్రవాళ్లు వూరు వదులుతారు. కొందరు టిటాఘర్ జూట్ మిల్లులకు పోయారు, కొందరు విశాఖ, హైదరాబాదు, చెన్నై కట్టడాల్లో చేరారు. ఉద్దానం వైపు సోంపేట, కంచిలి, కవిటి ప్రాంతాల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్ దేశాలకు పోవటం మామూలయింది. అదే సమయంలో పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలకు కాంట్రాక్టర్లు ఒడిశా నుంచి, బీహారు నుంచి కూలీలను తెస్తున్నారు. శ్రీకాకుళం కుర్రవాడు కువైటుకు, బీహారు కుర్రవాడు శ్రీకాకుళానికి! స్థానికులు దొరకటం లేదని యిక్కడి కాంట్రాక్టరు అంటాడు. అక్కడి కఫీలూ అదే అంటాడు.

కొరత అనే మాటకు అర్థం

తాత్కాలిక విదేశీ కార్మికుల అనుమతి అంతా ఒకే వాదన మీద నిలబడి వుంది. “మా దేశంలో ఈ పనికి మనుషులు దొరకటం లేదు” అన్నదే ఆ వాదన. అమెరికాలో పొలం పనికి విదేశీ కూలీలను తెచ్చుకోవాలంటే యజమాని ముందుగా కార్మికశాఖకు దరఖాస్తు పెట్టి రెండు విషయాలు రుజువు చేయాలి. ఒకటి, పనికి సిద్ధంగా వున్న స్వదేశీ కూలీలు చాలినంతమంది లేరని. రెండు, విదేశీయులను పెట్టుకోటం వల్ల స్వదేశీ కూలీల వేతనాలు, పని పరిస్థితులు దెబ్బతినవని. దీన్ని హెచ్-2ఎ పద్ధతి అంటారు. కెనడాలోనూ యజమాని యిటువంటి అంచనా కాగితమే ప్రభుత్వం దగ్గర తెచ్చుకోవాలి. గల్ఫ్ దేశాల్లో యజమానికి యిన్ని వీసాలని కార్మికశాఖ కోటా మంజూరు చేస్తుంది.

వినటానికి న్యాయంగానే వుంటుంది. కాని కొరత అంటే ఏమిటి? ఏ కూలికి కొరత? ఎన్ని గంటల పనికి కొరత? ఎండలో యాభై డిగ్రీల వేడిలో, యిరుకు గదిలో పదిమందితో పడుకుని, సంవత్సరానికొకసారి కూడా యింటికి పోకుండా పనిచేసేందుకు ఆ దేశస్థులు ముందుకు రారు. అటువంటి పనికి అటువంటి జీతానికి మనుషులు లేరన్నదే కొరత. జీతం రెట్టింపు చేసి, గది బాగుచేసి చూస్తే కొరత ఎంత మిగులుతుందో తెలుస్తుంది. ఆ పరీక్ష చేయమని ఏ ప్రభుత్వమూ యజమానిని గట్టిగా అడగదు.

మన వూళ్లో వూడ్పుల కాలంలో “కూలీలు దొరకటం లేదు” అని రైతు అనటం మనకు తెలుసు. చిన్నరైతు ఆ మాట అన్నప్పుడు అందులో బాధ వుంది. ధాన్యానికి ధర రాక, ఎరువులకు అప్పు చేసి, కూలి పెంచి యివ్వలేని రైతు అతను. పైగా అతని యింట్లో మనిషే యింకొకరి పొలానికి కూలికి పోతాడు. ఆ రైతునూ, వేలమంది పనిచేసే కంపెనీనీ ఒక గాటన కట్టకూడదు. కాని ఒక్కటి మాత్రం రైతు సోదరులు ఆలోచించాలి. కూలి పెరిగితే తనకు నష్టమని నమ్మిన చిన్నరైతు కొడుకే రేపు దోహాలో, రియాదులో కూలి పెరగక బాధపడుతున్నాడు. అక్కడి యజమాని కూడా యిదే వాదన చెప్పి వాణ్ణి తెచ్చుకున్నాడు.

తాత్కాలికం అంటే ఏమిటో కూడా చూడాలి. పనికి చేతులు కావాలి, మనిషి వద్దు అన్నమాట. యిది కొత్తది కాదు. దక్షిణాఫ్రికాలోని నేటాలులో చెరుకు తోటల దొరలు కూలీలు దొరకటం లేదని మొరపెట్టుకుంటే బ్రిటిషు పాలకులు అనుమతి యిచ్చారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ మొదటి కూలీలను డర్బన్‌లో దించింది. ఆ తరువాతి దశాబ్దాల్లో మన విశాఖపట్నం జిల్లా వాళ్లూ ఆ ఓడలెక్కారు. ఒప్పందం ముగిశాక కూలీలు అక్కడే వుండిపోవటం దొరలకు నచ్చలేదు. 1895లో తలకు ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేశారు. మళ్లీ ఒప్పందంలో చేరాలి, లేదా యింటికి పోవాలి. అదీ దాని వుద్దేశం. 1913లో గనుల కార్మికులు, తోట కూలీలు వేల సంఖ్యలో సమ్మె చేసిన తరువాతే, 1914లో ఆ పన్ను పోయింది. అనుమతి కాగితం మీద వచ్చిన కూలి మనిషిగా నిలబడింది సమ్మె వల్లనే.

అనుమతి ఎలా వస్తుంది?

యిప్పుడు మన వైపు సంగతి. 1922 నాటి చట్టం స్థానంలో 1983లో కొత్త ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. దాని ప్రకారం విదేశీ యజమాని మన దేశంలో తనంత తాను వచ్చి మనుషుల్ని ఏరుకోకూడదు. ప్రభుత్వం దగ్గర రిజిస్టరయిన రిక్రూటింగ్ ఏజంటు ద్వారా తీసుకోవాలి, లేదా స్వయంగా పర్మిటు పొందాలి. యజమాని తనకు ఎంతమంది, ఏ పనికి, ఏ జీతానికి కావాలో డిమాండు లెటరు యివ్వాలి. ఏజంటుకు అధికార పత్రం యివ్వాలి. పని ఒప్పందం నమూనా చూపాలి. ఈ కాగితాలను ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం పరిశీలించే పద్ధతి వుంది. 2014 నుంచి యిదంతా ఈ-మైగ్రేట్ అనే కంప్యూటరు పద్ధతిలోకి వచ్చింది. ఆ తరువాత ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి యివ్వాలి. తెలుగువాళ్లకు ఈ ఆఫీసు హైదరాబాదులో వుంది. పోయేవాడికి పది లక్షల రూపాయల బీమా కూడా చేయాలి.

ఏజంటు తీసుకోదగిన రుసుము ఎంతో తెలుసా? నిబంధనల ప్రకారం ముప్పై వేల రూపాయలకు మించకూడదు, దానిమీద జి.ఎస్.టి. అంతే. దానికి రశీదు యివ్వాలి. నెల్లిమర్లలో ముసలాయన చెప్పిన లక్షా ముప్పై వేలలో లక్ష రూపాయలకు దగ్గరగా చట్టానికి బయటి డబ్బే. ఆ లక్ష రూపాయల కోసమే పల్లంలో అరెకరం తాకట్టు పడింది.

మరి చట్టం ఏం చేస్తున్నది? అందులో వున్న చిల్లులు చూడండి.

మొదటి చిల్లు, పదో తరగతి. పదో తరగతి పాసయిన వాడి పాస్‌పోర్టుకు ఈ తనిఖీ అక్కర్లేదు. పాసు కానివాడికే, అదీ గల్ఫ్ దేశాలు, మలేషియా, ఇరాక్ వంటి పద్దెనిమిది దేశాలకు పోయేటప్పుడే ప్రొటెక్టర్ అనుమతి కావాలి. ఉత్తరాంధ్ర కుర్రవాళ్లలో చాలామంది పదో తరగతి, ఐటిఐ చదివినవాళ్లే. పది చదివినవాణ్ణి ఏజంటు మోసం చేయలేడని ప్రభుత్వం అనుకుంటున్నట్టుంది.

రెండో చిల్లు, దొంగదారి. పని వీసా లేకుండా విజిటు వీసా మీద పంపటం. “అక్కడికి పోయాక మారుస్తార్రా” అంటాడు దళారి. ఆజాద్ వీసా అని యింకొకటి వుంది. కాగితం మీద యజమాని ఒకడు, పని యింకొకడి దగ్గర. అనుమతి పొందిన యజమాని అనుమతినే సరుకుగా అమ్ముకుంటాడన్నమాట. దొరికిపోతే నష్టపోయేది కూలివాడే. అకామా లేనివాణ్ణి, కఫీల్ దగ్గర నుంచి పారిపోయినవాణ్ణి గల్ఫ్‌లో మనవాళ్లు ‘ఖల్లివెల్లి’ అంటారు. ఖల్లివెల్లి అయినవాడు జీతం రాలేదని ఫిర్యాదు చేయటానికి కూడా భయపడతాడు.

మూడో చిల్లు, శిక్ష. లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపినా, రూలుకు మించి డబ్బు గుంజినా 1983 చట్టం 24వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. నలభై ఏళ్ల కిందట రాసిన రెండు వేలు! ఒక్క కుర్రవాడి దగ్గర లక్ష గుంజే దళారికి రెండు వేల జరిమానా ఒక లెక్కా?

యిందులో రైతు కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతి ఒకటి వుంది. ఈ చట్టం కింద కేసు నడపాలంటే మామూలుగా కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి. ఆ పేరుతో పోలీసులు కేసులు తిప్పి పంపటం జరుగుతుంటుంది. కాని 27వ సెక్షన్లోనే మినహాయింపు వుంది. మోసపోయినవాడు స్వయంగా గాని, అతని తరపున తండ్రి, తల్లి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు గాని ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. కొడుకు ఎడారిలో యిరుక్కుంటే తల్లి యిక్కడ ఫిర్యాదు చేయవచ్చు. ఈ మాట ప్రతి రైతు సంఘం ఆఫీసులోనూ గోడమీద రాసిపెట్టాలి.

2020 సెప్టెంబరులో ఏం జరిగింది?

మనిషి శ్రమను చవకగా తోసేయటం అని పైన అన్నాం. అది వూరికే అన్నమాట కాదు. మన కార్మికుణ్ణి ఏ జీతానికి తక్కువ పంపకూడదో కేంద్ర ప్రభుత్వం దేశంవారీగా ఒక కనీస వేతనం నిర్ణయిస్తుంది. డిమాండు లెటరులో అంతకు తక్కువ జీతం వుంటే అనుమతి యివ్వకూడదు. రైతుకు మద్దతు ధర ఎటువంటిదో, వలస కార్మికుడికి యిది అటువంటిది.

కరోనా కాలం. గల్ఫ్ నుంచి వేలమంది జీతాలు రాకుండానే విమానాల్లో తిరిగివచ్చారు. సరిగ్గా ఆ సమయంలో, 2020 సెప్టెంబరులో, కేంద్ర ప్రభుత్వం సర్క్యులర్లు యిచ్చి ఆరు గల్ఫ్ దేశాలకు ఈ కనీస వేతనాన్ని తగ్గించింది. కోత 30 నుంచి 50 శాతం దాకా వుంది. బహ్రెయిన్, ఒమన్, కతార్, యు.ఎ.ఇ.లకు నెలకు 200 డాలర్లు, కువైటుకు 245 డాలర్లు చాలునని నిర్ణయించారు. మన జీతం ఎక్కువగా వుంటే పొరుగు దేశాల కూలీలు మన వుద్యోగాలు తన్నుకుపోతారట. అదీ చెప్పిన కారణం.

ఈ తర్కం ప్రకారం చూస్తే మద్దతు ధర తగ్గిస్తే రైతుకు మేలన్నమాట! ధర తగ్గితే సరుకు బాగా అమ్ముడవుతుంది కదా! రేపు నేపాల్, బంగ్లాదేశ్ ప్రభుత్వాలు కూడా యిదే పని చేస్తే మనం యింకా దిగాలి. చివరికి లాభం ఎవరికి? ఒక్క పైసా ఖర్చు లేకుండా జీతాల బిల్లు తగ్గించుకున్న యజమానికి.

వలస కార్మికుల సంఘాలు వూరుకోలేదు. గల్ఫ్ కార్మికుల తరపున తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. పార్లమెంటులో ప్రశ్నలు వచ్చాయి. 2021 జూలైలో ప్రభుత్వం ఆ సర్క్యులర్లను వెనక్కి తీసుకుని పాత వేతనాలనే మళ్లీ పెట్టింది. పోరాడితే కాగితం మారుతుందనటానికి యిది దగ్గరి వుదాహరణ. కాని ఆ పది నెలల్లో తక్కువ వేతనం మీద సంతకం చేసి పోయినవాళ్ల సంగతి? ఎక్కువమంది ఒప్పందాలు రెండేళ్లవి. ఢిల్లీలో సర్క్యులరు రద్దయినంత మాత్రాన ఆ ఒప్పందాలు మారవు.

అమెరికా పొలాల్లో కూడా యిదే జరిగింది. హెచ్-2ఎ కూలీలకు యివ్వవలసిన కనీస వేతనం లెక్కగట్టే పద్ధతిని 2025 అక్టోబరులో అక్కడి కార్మికశాఖ మార్చి, రేట్లు తగ్గించింది. యునైటెడ్ ఫార్మ్ వర్కర్స్ సంఘం దాన్ని ఎదిరించింది. స్థానిక కూలీల జీతం పడిపోకూడదని పెట్టిన అంకెనే ప్రభుత్వం పడగొడుతున్నది. ఢిల్లీ అయినా వాషింగ్టన్ అయినా యజమానులు అడిగేది ఒక్కటే.

రంగూన్ రేవు మరిచిపోరాదు

విదేశీ కూలీ వల్లనే స్వదేశీ కూలికి అన్యాయమని కొందరు అంటారు. అది తప్పు. దానికి మన తాతల చరిత్రే సాక్ష్యం.

నెల్లిమర్ల అప్పుడు విశాఖపట్నం జిల్లాలో వుండేది. చికాకోలు గంజాం జిల్లాలో వుండేది. ఆ జిల్లాల నుంచి, గోదావరి నుంచి మేస్త్రీల వెంట బర్మా పోయినవాళ్లకు లెక్క లేదు. మేస్త్రీ బయానా యిచ్చి ఓడ ఎక్కించేవాడు. అప్పు తీరేదాకా వాడి చేతిలోనే వుండాలి. రంగూన్ రేవులో ఓడలకు సరుకు ఎక్కించి దించే పని తెలుగు కూలీలదే. కోరంగి రేవు పేరుమీద అక్కడివాళ్లు మనవాళ్లను ‘కోరంగీలు’ అనేవారు.

1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీల వాళ్లు బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టారు. కొద్దిరోజులకు తెలుగు కూలీలతో రాజీ కుదరగానే, సమ్మె విరచటానికి వాడుకున్న బర్మా వాళ్లను గేటు దగ్గరనుంచే పొమ్మన్నారు. మే 26న రెండు పక్షాల కూలీలు ఒకరిమీద ఒకరు పడ్డారు. రోజుల తరబడి సాగిన దొమ్మీలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. చనిపోయినవారిలో ఎక్కువమంది మనవాళ్లే. స్టీవెడోర్ కంపెనీ దొరలకు మాత్రం ఒక్క దెబ్బ తగల్లేదు.

అప్పుడు ఆ దేశంలో విదేశీ కూలీలం మనమే. తెలుగు కూలీ, బర్మా కూలీ కలిసి కూలి అడిగివుంటే ఆ దొమ్మీ వుండేది కాదు. 1942లో జపాన్ దాడికి భయపడి అడవులు కొండలు దాటి నడిచివచ్చినవాళ్లూ, 1960లలో సైనిక ప్రభుత్వం పొమ్మంటే కట్టుబట్టలతో వచ్చినవాళ్లూ మన మధ్య వున్నారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరు అందుకే నిలిచింది. తరాల తరబడి చెమటోడ్చినా తాత్కాలికం అనే ముద్ర చెరగలేదు.

ఈ పాఠం యిప్పుడు మరీ అవసరం. 2023 అక్టోబరు తరువాత ఇజ్రాయెల్ లక్షకు పైగా పాలస్తీనా కార్మికుల పర్మిట్లు నిలిపివేసింది. ఆ ఖాళీల్లో పెట్టటానికి మన దేశం నుంచి మనుషుల్ని తీసుకునే ఒప్పందం అదే ఏడాది నవంబరులో కుదిరింది. హర్యానాలో, ఉత్తరప్రదేశ్‌లో నిరుద్యోగులు బారులు తీరారు. ఒక జాతి కూలీల నోటి దగ్గర కూడు లాగి యింకొక జాతి కూలీలకు పెట్టటాన్ని మన కేంద్ర కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి. రంగూన్ రేవులో బర్మా కూలీలను వాడుకున్నట్టే యిక్కడ మనవాళ్లను వాడుకుంటున్నారు. 2024 మార్చిలో ఇజ్రాయెల్ ఉత్తర సరిహద్దు తోటలో కేరళకు చెందిన వ్యవసాయ కూలీ క్షిపణి దెబ్బకు చనిపోయాడు.

పర్మిటు తాడు

పర్మిటు ఒక యజమాని పేరుమీద వుంటే కార్మికుడు ఆ యజమానికి కట్టుబడి వుండాలి. అదే అసలు తాడు. ఆ పని వదిలితే దేశంలో వుండే హక్కు పోతుంది. తిండి బాగాలేదంటే, జీతం ఆలస్యమయిందంటే “పో మీ దేశానికి” అనటానికి యజమానికి వీలు. వెనక్కి పోతే తాకట్టు పొలం గుర్తుకొస్తుంది. కనుక నోరు మూసుకుంటాడు. గల్ఫ్ కఫాలా ఒక్కటే యిలా వుందనుకోవద్దు. కెనడాలో పొలాల్లో పనిచేసే తాత్కాలిక కార్మికుల పరిస్థితిని చూసిన ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి టొమోయా ఒబోకాటా 2023లో, ఈ పద్ధతి ఆధునిక బానిసత్వానికి పుట్టినిల్లుగా వుందనే అర్థంలో గట్టిగా విమర్శించాడు.

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైటులోని మంగాఫ్‌లో కార్మికులు వుంటున్న భవనం అంటుకుంది. 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రులు, ఒకరు మన శ్రీకాకుళం జిల్లావాడు. వాళ్లు దొంగదారిన పోయినవాళ్లు కాదు, కంపెనీ యిచ్చిన గదుల్లో వున్నవాళ్లు. కాగితాలు సరిగా వున్నా గది సంగతి ఎవరు చూడాలి?

ఈ తాడు తెగదని కాదు. అమెరికా 1942లో బ్రసేరో అనే పేరుతో మెక్సికో కూలీలను తాత్కాలికంగా పొలాలకు తెచ్చుకోవటం మొదలుపెట్టింది. మొదటి సంవత్సరాల్లో పొదుపు పేరుతో వాళ్ల కూలిలో పదో వంతు పట్టుకున్నారు, చాలామందికి అది తిరిగి చేరలేదు. అటువంటి కూలీలు ఎప్పుడూ చేతిలో వున్నంతకాలం స్థానిక కూలీల సమ్మెలు నిలవలేదు. 1964లో ఆ పద్ధతి రద్దయింది. మరుసటి ఏడాదే కాలిఫోర్నియాలోని డెలానోలో ఫిలిప్పీనో, మెక్సికన్ కూలీలు ద్రాక్షతోటల్లో సమ్మెకు దిగారు. అయిదేళ్లు పట్టుబట్టి 1970లో తోటల యజమానుల చేత ఒప్పందాల మీద సంతకాలు పెట్టించారు. రెండు దేశాల నుంచి వచ్చిన కూలీలు ఒక్కటి కావటమే అక్కడ గెలిపించింది. రంగూన్‌లో జరగనిది డెలానోలో జరిగింది.

ఏం అడగాలి?

పోవద్దని మనం ఎవరికీ చెప్పలేం. పొట్ట చేతబట్టుకుని పోయేవాణ్ణి ఆపే హక్కు ఎవరికీ లేదు. కాని పోయేవాడు పొలం తాకట్టు పెట్టి పోకూడదు, మెడకు తాడు వేసుకుని పోకూడదు.

విదేశాంగశాఖ 1983 చట్టం స్థానంలో తేవాలని 2025 అక్టోబరులో ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు ముసాయిదా విడుదల చేసింది. చట్టం పేరు మారటం ముఖ్యం కాదు. రైతు, వ్యవసాయ కార్మిక సంఘాలు దీన్ని ఢిల్లీ వ్యవహారమని వదిలేయకుండా కొన్ని స్పష్టమైన కోర్కెలు పెట్టాలి.

ఒకటి, టిక్కెట్టు, వీసా, ఏజంటు రుసుము మొత్తం మనిషి కావాలన్న యజమానే భరించాలి. కూలివాడి దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఎద్దును కొన్నవాడు ఎద్దు చేత ధర కట్టించడు కదా!

రెండు, డిమాండు లెటరు, ఒప్పందం తెలుగులో వుండాలి. బయలుదేరే ముందే కార్మికుడి యింటికి ఒక ప్రతి చేరాలి. కనీస వేతనం తగ్గించే ముందు కార్మిక సంఘాలతో చర్చించాలి.

మూడు, పదో తరగతి తేడా లేకుండా పనికోసం పోయే ప్రతివాడి ఒప్పందాన్నీ తనిఖీ చేయాలి. దళారుల జరిమానా వాళ్లు గుంజిన సొమ్ముకు ఎన్నోరెట్లు వుండాలి.

నాలుగు, విజయనగరంలో, శ్రీకాకుళంలో సహాయ కేంద్రాలు పెట్టాలి. పార్వతీపురం కొండకింద గ్రామం నుంచి ఒక తల్లి ఫిర్యాదు పట్టుకుని హైదరాబాదు పోవాలంటే కుదిరే పనా? రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ వూళ్లలోకి రావాలి.

అయిదు, పర్మిటు యజమానికి కాక పనికి చెందాలి. యజమాని మోసం చేస్తే యింకొక చోట పనిచేసుకునే హక్కును మన ప్రభుత్వం ప్రతి ఒప్పందంలో అడిగి సాధించాలి. మన చేతులు లేకపోతే వాళ్ల మేడలు లేవవు. ఆ మాత్రం బేరమాడే బలం మనకు వుంది.

యివన్నీ ఒక ఎత్తు. గోగుకు గిట్టుబాటు ధర, నార వూరవేసుకునే చెరువులకు నీళ్లు, మిల్లుల్లో నిలకడైన పని, పైడిభీమవరం వంటి చోట్ల స్థానికులకూ బయటినుంచి వచ్చినవారికీ ఒకే కూలి కావాలి. యివి వుంటే నెల్లిమర్ల కుర్రవాడు కువైటు పోవాలా వద్దా అన్నది వాడి యిష్టం మీద వుంటుంది. యిప్పుడది వాడి యిష్టం కాదు.

మేం లేచి వస్తుంటే ముసలాయన అడిగాడు: “ఆ కాయితం మాకు సూపించమని ఏజంటుని అడగొచ్చా బాబూ?”

అడగవచ్చు. అడిగి తీరాలి. ఏజంటు లైసెన్సు నంబరు రాసుకోవాలి, కట్టిన ప్రతి రూపాయికీ రశీదు అడగాలి, రశీదు యివ్వనివాడికి డబ్బు యివ్వకూడదు. ఒక్కడే పోయి అడిగితే దళారి కసురుతాడు. వూళ్లో రైతు సంఘం నుంచి పదిమంది కలిసి పోయి అడగండి.